మొగామి క్రూజరు, దాని ఇరవైనాలుగు టార్పెడోలు

రెండో ప్రపంచయుద్ధం నాటి జపాన్ క్రూజర్ (వేగంగా పోయే మధ్యస్థాయి యుద్ధనౌక) మొగామి ఫోటో ఏది చూసినా ముందు కంటికి ఆనేవి ఫిరంగులే. ముందు మూడు టరెట్లు (తిరిగే ఫిరంగి గూళ్లు), వెనక రెండు. ఈ నౌక యుద్ధచరిత్రను నడిపించిన ఆయుధం మాత్రం ఫోటోల్లో సరిగ్గా కనపడదు. పొగగొట్టానికి వెనక, విమానాలు నిలిపే వేదిక నీడలో, ఒక్కో పక్క రెండేసి టార్పెడో (నీటిలో దూసుకుపోయి పేలే ఆయుధం) గొట్టాల జట్లు ఉంటాయి. జట్టుకు మూడు గొట్టాల చొప్పున మొత్తం 12. ఒకసారి వదిలాక మళ్లీ నింపుకోవడానికి ఇంకో 12 టార్పెడోలు పక్కనే సిద్ధంగా ఉంటాయి. 1942 మార్చి 1 ముంగిట అవి సొంత దేశపు నౌకల్నే ముంచాయి. అదే ఏడాది జూన్‌లో వాటిని సముద్రంలోకి తోసేయబట్టే నౌక బతికింది. 1944 అక్టోబరులో అవి డెక్ మీదే పేలి నౌక నడకను దెబ్బతీశాయి. మొగామిని అర్థం చేసుకోవాలంటే అందుకే ఆ గొట్టాల దగ్గర మొదలుపెట్టాలి.

ఆ టార్పెడో పేరు టైప్ 93. జపాన్ సామ్రాజ్య పంచాంగం ప్రకారం 2593వ సంవత్సరం, అంటే మన 1933, దానికి ఆ అంకె ఇచ్చింది. వ్యాసం 61 సెంటీమీటర్లు, పొడవు 9 మీటర్లు, బరువు సుమారు 2.7 టన్నులు, తలభాగంలో 490 కిలోల పేలుడు పదార్థం. మామూలు టార్పెడో ఇంజను ఇంధనాన్ని కుదించిన గాలితో మండిస్తుంది. గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా నత్రజనే. అది మంటకు సాయపడదు సరికదా, బుడగలై పైకి తేలి టార్పెడో వచ్చే దారిని శత్రువుకు పట్టిస్తుంది. జపాన్ ఇంజనీర్లు గాలి బదులు శుద్ధ ఆక్సిజన్ వాడారు. దాంతో దాదాపు 48 నాట్ల (గంటకు సుమారు 89 కిలోమీటర్ల) వేగంతో 20 కిలోమీటర్లు, వేగం తగ్గిస్తే 40 కిలోమీటర్లు పోగలిగేది. నీటి మీద చార దాదాపు ఉండదు. ఆ రోజుల్లో మరే దేశం దగ్గరా ఇలాంటిది లేదు.

దీన్ని వాడటం మాత్రం తేలిక కాదు. ఆక్సిజన్ పారే గొట్టంలో కాస్త నూనె మరక మిగిలినా అంటుకుంటుంది. అందుకే గొట్టాలను జిడ్డు లేకుండా కడగాలి, లోపల పదునైన మలుపులు లేకుండా చూడాలి. ఇంజనుకు మొదటే ఆక్సిజన్ అందిస్తే అదే పేలిపోతుంది. కాబట్టి ముందు మామూలు గాలితో అంటించి, తర్వాత మెల్లగా ఆక్సిజన్‌కు మార్చే ఏర్పాటు పెట్టారు. ఇన్ని జాగ్రత్తలూ శాంతంగా ఉన్న నౌక మీద పనికొస్తాయి. బాంబు పడి పక్కన నిప్పంటుకున్నప్పుడు, మందపాటి కవచం లేని డెక్ మీద పేలుడు పదార్థం, ఆక్సిజన్, ఇంధనం మూడూ ఒకే టార్పెడోలో, అదీ 24 టార్పెడోల్లో ఉన్నట్టు లెక్క.

ఇక నౌక సంగతి. దేశాల యుద్ధనౌకలకు హద్దులు పెట్టిన 1930 లండన్ ఒప్పందం 155 మిల్లీమీటర్లకు మించిన ఫిరంగులున్న క్రూజర్లను జపాన్‌కు 12కే పరిమితం చేసింది. ఆ కోటా అప్పటికే నిండిపోయింది. చిన్న ఫిరంగుల క్రూజర్ల కోటాలో చోటుంది కనుక, సరిగ్గా 155 మిల్లీమీటర్ల ఫిరంగులు 15 పెట్టి, 8,500 టన్నుల నౌక అని ప్రకటించారు. టరెట్లు అడుగున ఉండే ఏర్పాట్లను మాత్రం, తర్వాత పెద్ద ఫిరంగులు బిగించుకునేలా ముందే తయారుచేసుకున్నారు. జపాన్‌లో పెద్ద క్రూజర్లకు కొండల పేర్లు, చిన్నవాటికి నదుల పేర్లు పెట్టేవారు. అందుకే దీనికి యమగతా ప్రాంతపు మొగామి నది పేరు వచ్చింది. 1931 అక్టోబరు 27న కురే నౌకానిర్మాణశాలలో పని మొదలై, 1935 జులై 28న నౌక సిద్ధమైంది. పది బాయిలర్లు, 1,52,000 హార్స్‌పవర్, 37 నాట్ల వేగం అన్నది రూపకల్పన లెక్క.

8,500 టన్నుల్లో ఇవన్నీ ఇమడవు. బరువు తగ్గించాలని రివెట్లు మానేసి చాలా చోట్ల ఎలక్ట్రిక్ వెల్డింగ్ వాడారు. ఆ కాలపు వెల్డింగ్ పద్ధతులకు అంత ఉక్కును వంకర పోకుండా అతికించే పనితనం ఇంకా రాలేదు. మొగామిని నీటిలోకి దించింది 1934 మార్చి 14న. రెండు రోజుల ముందే, మార్చి 12న, పైబరువు ఎక్కువైన టొమొజురు అనే టార్పెడో పడవ తుఫాను గాలికి తలకిందులైంది. దాంతో మొగామి పై కట్టడాలను కోసి చిన్నవి చేశారు. తీరా పరీక్షలకు వెళ్తే నౌక దేహం వంగి, టరెట్లు సరిగ్గా తిరగలేకపోయాయి. 1935 సెప్టెంబరు 26న నాలుగో దళం తుఫానులో చిక్కుకున్నప్పుడు ముందుభాగపు వెల్డింగ్ అతుకులు విచ్చుకున్నాయి. తర్వాత రెండేళ్లపాటు అదనపు ఉక్కు పట్టీలు రివెట్లతో బిగించి, నౌక స్థిరంగా ఉండేందుకు రెండు పక్కలా ఉబ్బు గదులు చేర్చారు. బరువు 11 వేల టన్నులు దాటింది. వేగం 35 నాట్ల దగ్గరికి దిగింది. కాగితం మీద అబద్ధం రాస్తే ఒప్పుకునే బరువును సముద్రం ఒప్పుకోదు.

1939, 1940 మధ్య, ఒప్పందాలు చెల్లిపోయాక, మూడేసి గొట్టాల 15.5 సెంటీమీటర్ల టరెట్లు తీసి, రెండేసి 20.3 సెంటీమీటర్ల గొట్టాలున్నవి బిగించారు. ఈ తరగతి నాలుగు క్రూజర్ల నుంచి తీసిన టరెట్లలో కొన్ని యమాతో, ముసాషి యుద్ధనౌకలకు రెండో శ్రేణి ఫిరంగులయ్యాయి. కొత్త గొట్టాలు పొడవు. ముందున్న మొదటి, రెండో టరెట్లు ఒకే మట్టంలో ఉంటాయి కనుక, రెండో టరెట్‌ను నేరుగా ముందుకు తిప్పితే దాని గొట్టాలు మొదటి దానికి తగిలేవి. అందుకని వాటిని 12 డిగ్రీలు పైకెత్తి ఉంచేవారు. ఫోటోలో ఈ తరగతి నౌకను గుర్తుపట్టడానికి ఇంతకన్నా తేలికైన ఆనవాలు లేదు.

యుద్ధం వచ్చేసరికి మొగామి, మికుమా, సుజుయా, కుమానో నాలుగూ కలిసి 7వ క్రూజర్ డివిజన్. అధిపతి రియర్ అడ్మిరల్ తకెయో కురితా. మొగామి కెప్టెన్ అకిరా సోజి. మలయా, బోర్నియో దండయాత్రలకు అవి కాపలా కాశాయి. ఆ నెలల్లో చెప్పుకోదగ్గ పోరు లేదు.

1942 ఫిబ్రవరి 28 రాత్రి జావా పశ్చిమ కొసన, బాంతెన్ అఖాతంలో జపాన్ 16వ సైన్యం దిగుతోంది. రవాణా నౌకలు ఒడ్డు దగ్గర లంగరేసి ఉన్నాయి. సుందా జలసంధి గుండా తప్పించుకోవాలని వస్తున్న అమెరికా క్రూజర్ హ్యూస్టన్, ఆస్ట్రేలియా క్రూజర్ పెర్త్ వాటి మధ్యకే వచ్చి పడ్డాయి. మొగామి, మికుమా ఉత్తరం నుంచి పోరులోకి దిగాయి. మొగామి హ్యూస్టన్ మీదికి ఆరు టార్పెడోలు వదిలింది. ఒక్కటీ తగల్లేదు. తగలని టార్పెడో ఆగదు కదా. 20 కిలోమీటర్ల సత్తా ఉన్న ఆరు టార్పెడోలు హ్యూస్టన్‌ను దాటుకుని, దాని వెనక లంగరేసి కదలకుండా ఉన్న సొంత నౌకల గుంపులోకి దూసుకుపోయాయి. ఒక మైన్‌స్వీపర్ (సముద్రపు మందుపాతర్లు ఏరే నౌక) మునిగింది. నాలుగు రవాణా నౌకలకు దెబ్బలు తగిలి కొన్ని మునిగిపోయాయి, కొన్ని లోతులేని నీటిలో కూలబడ్డాయి. అందులో ఒకటి సైన్యాధిపతి లెఫ్టినెంట్ జనరల్ హితోషి ఇమమురా ఎక్కిన ర్యూజో మారు. ఆయన చమురు తేలుతున్న నీటిలో పడి, చివరికి ఒడ్డుకు చేరారు. సైన్యం రేడియో పరికరాలు నీటిపాలయ్యాయి. అర్ధరాత్రి దాటాక పెర్త్, హ్యూస్టన్ రెండూ మునిగాయి. దాడి చేసింది హ్యూస్టనేనని ఇమమురా మనుషులు మొదట నమ్మారు. హ్యూస్టన్ మీద అసలు టార్పెడో గొట్టాలే లేవు. నేవీ వారు తప్పు ఒప్పుకుని క్షమాపణకు వచ్చినప్పుడు కూడా ఆ ఘనతను హ్యూస్టన్‌కే ఉండనిచ్చారు.

ఇక్కడ తప్పు గురిలో లేదు. లక్ష్యం వెనక ఏముందో చూసుకోకుండా దూరపు ఆయుధం వదలడంలో ఉంది. టార్పెడో ఎంత దూరం పోగలిగితే, తప్పినప్పుడు అంత దూరం వరకూ ప్రమాదమే.

తర్వాతి ఘట్టం మన తీరానిది. 1942 ఏప్రిల్ 1న వైస్ అడ్మిరల్ జిసబురో ఒజావా దళం బర్మాలోని మెర్గుయి నుంచి బంగాళాఖాతంలోకి బయల్దేరింది. ఈ దళం మూడు ముక్కలై తీరం వెంట వ్యాపించింది. కుమానో, సుజుయా ఉత్తరాన, ఒజావా జెండా నౌక చోకాయ్‌తో పాటు చిన్న విమానవాహక నౌక ర్యూజో మధ్యన, మికుమా, మొగామి, డెస్ట్రాయర్ (చిన్న, వేగవంతమైన యుద్ధనౌక) అమగిరి దక్షిణాన. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసినవి ర్యూజో విమానాలు. క్రూజర్లు ఊళ్ల మీద కాల్పులు జరపలేదు. వాటి వేట సముద్రంలో, కాపలా లేకుండా పోతున్న సరుకు ఓడల మీద. మొగామి ఉన్న గుంపు గందారా, దార్దానస్, ఇందోరా అనే మూడు ఓడల్ని ముంచింది. ఒజావా దళం మొత్తమ్మీద ముంచినవి 23, సుమారు 1,12,000 టన్నులు. ఇది వీరపోరాటం కాదు, సామాను మోసే ఓడల మీద దాడి. కానీ మద్రాసు నుంచి కలకత్తా దాకా తీరవాణిజ్యం స్తంభించింది, విశాఖలో జనం ఊళ్లు ఖాళీ చేసి లోపలి పల్లెలకు వెళ్లిపోయారు. మన తాతలు "జపాను బాంబుల ఏడాది" అన్నది ఈ వారాన్నే.

రెండు నెలలకే పసిఫిక్‌లో మిడ్‌వే దీవి దగ్గర యుద్ధం. జూన్ 4న జపాన్ నాలుగు విమానవాహక నౌకల్ని కోల్పోతున్న సమయంలో, ఆ రాత్రే మిడ్‌వే దీవి మీద ఫిరంగులు పేల్చమని 7వ డివిజన్‌ను పంపారు. దీవికి సుమారు 90 నాటికల్ మైళ్ల దూరంలో ఉండగా, వెనక్కి రమ్మని ఆజ్ఞ వచ్చింది. నాలుగు క్రూజర్లు కుమానో, సుజుయా, మికుమా, మొగామి వరసలో 28 నాట్ల వేగంతో చీకట్లో వెనుదిరుగుతున్నాయి. జూన్ 5 తెల్లవారుజామున రెండు గంటలు దాటాక కుమానో అమెరికా జలాంతర్గామి తాంబర్‌ను చూసి, అందరూ ఒకేసారి ఎడమకు 45 డిగ్రీలు తిరగాలని అత్యవసర సంకేతం ఇచ్చింది. సంకేతం నౌక నుంచి నౌకకు అందేసరికి ఒకరు ఎక్కువ తిరిగారు, ఒకరు తక్కువ తిరిగారు. సుజుయా కుమానోను రెప్పపాటులో తప్పించుకుంది. మొగామి బ్రిడ్జి (నౌకను నడిపే చోటు) మీదున్నవాళ్లు ముందున్న సుజుయాను మికుమా అనుకుని దారి సర్దుకున్నారు. అసలు మికుమా వాళ్ల ముక్కు ముందే అడ్డంగా వస్తోంది. ఇంజన్లు వెనక్కి తిప్పినా అంత వేగంలో లాభం లేకపోయింది. మొగామి ముక్కు మికుమా ఎడమ పక్క, బ్రిడ్జికి కిందుగా గుచ్చుకుంది. మికుమా చమురు ట్యాంకు పగిలి వెనకాల చమురు చార పడసాగింది. మొగామి ముందుభాగం మొదటి టరెట్ దాకా నలిగి ఎడమకు వంగిపోయింది.

ముక్కు లేని నౌక వేగంగా పోలేదు. ముందున్న నీటి ఒత్తిడి అంతా, నలిగిన చోటికి వెనక మిగిలిన మొదటి అడ్డుగోడ మీద పడుతుంది. ఆ గోడ విచ్చుకుంటే తర్వాతి గదులు వరసగా నిండుతాయి. కాబట్టి దుంగలతో లోపలి నుంచి గోడకు ఊతాలు పెట్టి, వేగాన్ని మెల్లగా పెంచుకోవాలి. మొగామి మొదట 8 నాట్లతో, తర్వాత 12 నాట్లతో కదిలింది. కురితా మిగతా రెండింటితో వెళ్లిపోతూ మికుమాను తోడుగా వదిలారు. తర్వాత అరషియో, అసషియో డెస్ట్రాయర్లు వచ్చి కలిశాయి.

ఈ చరిత్రలో నేను అన్నిటికన్నా గొప్పగా భావించే పని అప్పుడు జరిగింది. మొగామి మీద నష్టనివారణ బాధ్యత లెఫ్టినెంట్ కమాండర్ మసయుకి సరువతారిది. తెల్లవారితే విమానాలు వస్తాయని ఆయనకు తెలుసు. మంటకు పనికొచ్చే సామాను సముద్రంలోకి విసిరేయించారు. టార్పెడోలను కూడా పారేయమన్నారు. ఒక క్రూజర్ తన ప్రధాన ఆయుధాన్ని పోరు జరగకుండానే నీటిపాలు చేయడం జపాన్ నేవీ అధికారికి ఎంత కష్టమైన నిర్ణయమో ఊహించవచ్చు. జూన్ 5న మిడ్‌వే నుంచి విమానాలొచ్చాయి. జూన్ 6న ఎంటర్‌ప్రైజ్, హార్నెట్ నౌకల డైవ్ బాంబర్లు అలలు అలలుగా వచ్చాయి. మొగామికి కనీసం అయిదు బాంబులు తగిలాయి. ఒకటి అయిదో టరెట్ పైకప్పు చీల్చుకుని లోపలున్న వాళ్లందరినీ చంపింది. ఇంకోటి నౌక నడిమధ్యన, టార్పెడో గొట్టాలున్న ప్రాంతంలో పడి మంట లేపింది. గొట్టాలు ఖాళీ. మంట ఆరింది. సుమారు 90 మంది చనిపోయారు, నౌక మిగిలింది.

మికుమా తన టార్పెడోలను ఉంచుకుంది. బాంబుల మంట వాటికి అంటుకుని నౌక నడుము తునకలైంది. ఆ సాయంత్రం మునిగిపోయింది. ఆరు వందల మందికి పైగా పోయారు. రెండూ ఒకే తరగతి, ఒకే రోజు, ఒకే విమానాలు, దాదాపు ఒకే సంఖ్యలో బాంబులు. అంతకుముందు ముక్కు విరిగి నడవలేకపోయిన నౌక బతికింది, దానికి తోడుగా నిలిచినది పోయింది. నడుము చిట్లి, పొగలు కక్కుతూ నీటి మీద పడి ఉన్న క్రూజర్ ఫోటోలు ఆ మధ్యాహ్నం ఎంటర్‌ప్రైజ్ విమానాల నుంచి తీసినవి. వాటిని మొగామి అనుకునేవారికి ఒక గుర్తు: ఆ ఫోటోలో నౌక ముక్కు చెక్కుచెదరకుండా ఉంది. అది మికుమా.

మొగామి జూన్ 14న పసిఫిక్‌లోని జపాన్ స్థావరం త్రుక్ చేరింది. మరమ్మతు నౌక అకాషి తాత్కాలిక ముక్కు కట్టిచ్చింది. ఆగస్టులో ససెబోకు వెళ్లి, సెప్టెంబరు నుంచి 1943 ఏప్రిల్ 30 దాకా కొత్త రూపం దిద్దుకుంది. వెనకున్న రెండు టరెట్లూ తీసేసి, ఆ చోటంతా చదునైన డెక్ వేసి, 11 నీటివిమానాలు నిలిపేలా పట్టాలు పరిచారు. నాలుగు విమానవాహక నౌకలు పోయాక దూరం చూసే కళ్లు కావాల్సి వచ్చాయి. విమానాలను ఉంచడానికి గది లేదు. ఎండకీ ఉప్పునీటికీ బయటే ఉండాలి. క్యాటపుల్ట్ (విమానాన్ని విసిరే యంత్రం) మీంచి ఎగరేసి, తిరిగొచ్చి నీటి మీద వాలాక క్రేనుతో ఎత్తుకోవాలి. ఫిరంగులు ఆరే మిగిలాయి, అన్నీ ముందే. వెనక్కి పరిగెత్తాల్సిన రోజు వస్తే వెంటపడేవారి మీద నేరుగా కాల్చడానికి ఒక్క పెద్ద ఫిరంగీ ఉండదన్నమాట. టార్పెడోలు మాత్రం మళ్లీ వచ్చి కూర్చున్నాయి.

తర్వాతి ఏడాదిన్నర త్వరగా చెప్పేయొచ్చు. 1943 మే 22న తొకుయామా అఖాతంలో తోఆ మారు అనే ట్యాంకర్‌ను రాసుకుంది. జూన్ 8న హషిరజిమాలో ముత్సు యుద్ధనౌక దానంతటదే పేలిపోయినప్పుడు, మిగిలినవారిని తేవడానికి మొగామి పడవలు కూడా వెళ్లాయి. నవంబరు 5న దక్షిణ పసిఫిక్‌లోని జపాన్ స్థావరం రబౌల్‌లో అమెరికా విమానవాహక నౌకల విమానాల బాంబు తగిలి 19 మంది చనిపోయారు. 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్ర యుద్ధంలో పాల్గొంది. ఆ తర్వాత చిన్న విమాననిరోధక తుపాకుల్ని 60కి పెంచారు.

1944 అక్టోబరు 22న వైస్ అడ్మిరల్ షోజి నిషిమురా దళంలో భాగంగా మొగామి బ్రూనై నుంచి బయల్దేరింది. యమషిరో, ఫుసో అనే రెండు పాత యుద్ధనౌకలు, మొగామి, నాలుగు డెస్ట్రాయర్లు. అంతే. దాడి చేయాల్సిన చోట, ఫిలిప్పీన్స్‌లోని లేతె అఖాతంలో, శత్రువు ఎంతమందో తెలియజేసింది మొగామి విమానమే. అక్టోబరు 24 ఉదయం ఆ విమానం నాలుగు యుద్ధనౌకలు, రెండు క్రూజర్లు, 80 రవాణా నౌకలు, ఇంకా ఆగ్నేయంగా 12 విమానవాహక నౌకల్ని లెక్కపెట్టింది. ఆ డెక్ మార్పిడి అంతటికీ సార్థకత ఆ ఒక్క నివేదికే. నిషిమురా తన ముందేముందో తెలిసే వెళ్లారు.

25 అర్ధరాత్రి దాటాక, ఆ అఖాతానికి దారితీసే సురిగావ్ జలసంధి ముఖద్వారంలో, ముందుకు వెళ్లి చూసి వస్తున్న మొగామిని ఫుసో శత్రువనుకుని కాల్చింది. ఒక గుండు వైద్యగదిలో పడి ముగ్గురు చనిపోయారు. తర్వాత జలసంధిలో అమెరికా డెస్ట్రాయర్ల టార్పెడోలు, వాటి వెనక అడ్డంగా నిలబడ్డ యుద్ధనౌకలు, క్రూజర్లు దళాన్ని చీల్చేశాయి. మొగామి నాలుగు టార్పెడోలు వదిలి దక్షిణానికి తిరిగింది. 4 గంటలు దాటిన రెండో నిమిషంలో పోర్ట్‌లాండ్ క్రూజర్ గుళ్లు బ్రిడ్జి మీద పడ్డాయి. కెప్టెన్ రియో తోమాతో పాటు అక్కడున్న ముఖ్యులంతా చనిపోయారు. ఫిరంగుల అధికారి అరాయ్ నౌకను అందుకున్నారు.

మండుతున్న మొగామి నెమ్మదిగా దక్షిణానికి వస్తుంటే, వెనక నుంచి వస్తున్న మరో జపాన్ దళం, అడ్మిరల్ షిమా దళంలోని క్రూజర్ నాచి దాన్ని ఆగిపోయిన నౌక అనుకుంది. అది సుమారు 8 నాట్లతో కదులుతోంది. చీకట్లో మంటలు కక్కే నౌక కదులుతోందో లేదో దూరం నుంచి తేల్చడం కష్టం. దాని దారి ముందుగా లెక్కకట్టకపోవడంతో నాచి వచ్చి మొగామి ముందుభాగాన్ని కొట్టింది. మిడ్‌వేలో తాను చేసిన పొరపాటు మొగామికి ఇక్కడ ఇంకొకరి చేతిలో ఎదురైంది.

మంటలు టార్పెడోల దాకా చేరాయి. అయిదు పేలాయి. కుడి ఇంజను పోయింది. సరువతారి నిర్ణయాన్ని ఇక్కడ ఎందుకు పాటించలేదని సిబ్బందిని తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. మిడ్‌వేలో వాళ్లు పోరు నుంచి దూరంగా పోతున్నారు, తెల్లవారేదాకా సమయం ఉంది, ఎదురుచూసేది విమానాల్ని. ఇక్కడ రాత్రిపూట నౌకల పోరులోకి దిగుతున్న క్రూజర్‌కు టార్పెడోలే ఆశ. వాటిని పారేయాల్సిన క్షణం వచ్చేసరికి, ఆజ్ఞ ఇవ్వాల్సిన బ్రిడ్జి లేదు.

తెల్లవారకముందే అమెరికా క్రూజర్లు మళ్లీ దగ్గరికొచ్చి కాల్చాయి. ఎనిమిదిన్నర ప్రాంతంలో మిగిలిన ఇంజను కూడా ఆగింది. తొమ్మిదింటికి అమెరికా విమానవాహక నౌకల నుంచి వచ్చిన 17 అవెంజర్ విమానాలు బాంబులు వేశాయి. ముందున్న మందుగుండు గదుల వైపు మంట పాకుతుంటే 10:47కు నౌకను వదిలేయమని ఆజ్ఞ ఇచ్చారు. డెస్ట్రాయర్ అకెబోనో పక్కకొచ్చి సుమారు 700 మందిని ఎక్కించుకుంది. సుమారు 190 మంది చనిపోయారు.

ఖాళీ నౌకను శత్రువుకు దక్కనివ్వకూడదని 12:56కు అకెబోనో దాని మీదికి ఒకే ఒక్క టైప్ 93 టార్పెడో వదిలింది. ఇది గురి తప్పలేదు. 13:07కు మొగామి బొహోల్ సముద్రంలో మునిగింది. 2019 మేలో పెట్రెల్ అన్వేషణ నౌక దాన్ని సుమారు 1,450 మీటర్ల లోతున కనుగొంది.